సర్వర్ డౌన్ ఎందుకైందో 'సార్'నే అడగండి

సంపాదకులు గారికి,

నమస్కారం. విశాఖలో ఏ సేవా కేంద్రం ముందు నిలబడినా, ఏ కాలేజీ ఫీజు కౌంటర్ దగ్గర క్యూ కట్టినా, ఆన్‌లైన్ పరీక్ష రాయడానికి తెల్లారకముందే బస్సెక్కి వెళ్లినా ఒక మాట వినక తప్పడం లేదు: 'సర్వర్ డౌన్'. గాజువాక నుంచి వచ్చినవాళ్లూ, భీమిలి నుంచి వచ్చినవాళ్లూ ఆ మాట విని ఇంటిముఖం పడతారు. ఎందుకు డౌనైందని అడిగితే కిటికీ అవతలి మనిషికి తెలియదు, ఆయన పైఅధికారికీ తెలియదు. మెయింటెనెన్స్ కాంట్రాక్టు కుర్రాడు వచ్చి రీస్టార్ట్ చేసి, రిజిస్టర్‌లో 'లోడ్ ఎక్కువైంది' అని రాసి వెళ్లిపోతాడు. ఒళ్లు కాలుతున్నవాడి చెయ్యి పట్టుకుని 'జ్వరం వచ్చింది' అని చెప్పడం ఎంతో, ఇదీ అంతే. ఆ సంగతి అందరికీ కనిపిస్తూనే ఉంది. ఎందుకొచ్చిందో చెప్పమనే కదా అడిగింది!

ఆ జవాబు చాలాసార్లు ఆ మెషీన్‌లోనే రాసి ఉంటుంది. సీపీయూ (లెక్కలు చేసే చిప్) ఎంత పనిచేసింది, మెమరీ ఎంత మిగిలింది, డిస్క్ ఎన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసింది, నెట్‌వర్క్ కార్డు ఎంత మోసింది అన్న లెక్కలన్నీ వేళకి రాసుకునే ప్రోగ్రాములు ఉన్నాయి. ఆ ఫైళ్లు చదవడానికి పైసా ఖర్చులేని ఓపెన్ సోర్స్ (అసలు కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) పరికరాలూ ఉన్నాయి. లేనిదల్లా వాటిని తెరిచి చూసే అలవాటు. చూసే పద్ధతి తెలిస్తే అలవాటు దానంతటదే వస్తుందన్న ఆశతో వివరంగా రాస్తున్నాం.

లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే సర్వర్లలో ఈ లెక్క రాసే పాత కాపు సిస్‌స్టాట్ అనే ప్యాకేజీ (ప్రోగ్రాముల కట్ట). సెబాస్టియన్ గోదార్ రాసిన ఈ ప్యాకేజీ పూర్తిగా ఓపెన్ సోర్స్. అందులో ఫైళ్లు చదివే కమాండ్ పేరు 'సార్'. మన ఆఫీసుల్లో ఏదొచ్చినా సార్‌ని అడుగుతారు గానీ, ఈ సార్‌ని అడిగేవాళ్లే కరువు. మామూలు సెట్టింగ్‌లో ఇది 10 నిమిషాలకోసారి ఒక లెక్క రాస్తుంది. లైనక్స్‌లో రెడ్ హ్యాట్, డెబియన్ అని రెండు పెద్ద కుటుంబాలున్నాయి, ఉబుంటు డెబియన్ కుటుంబానిదే. రెడ్ హ్యాట్ కుటుంబంలో ఆ ఫైళ్లు వార్ ఫోల్డర్ కింద లాగ్‌లో 'ఎస్ఏ' అనే చోట ఉంటాయి. ఉబుంటు, డెబియన్‌లలో అదే లాగ్ కింద 'సిస్‌స్టాట్' అనే చోట ఉంటాయి. ఫైలు పేరులో ఎస్ఏ తర్వాత తారీఖు అంకె ఉంటుంది. ఇవి బైనరీ ఫైళ్లు, అంటే మనిషి కాక మెషీన్ చదివే రాత. మామూలు ఎడిటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. అది చూసి ఫైలు పాడైందనుకుని డిలీట్ చేసేవాళ్లున్నారు. అది పాడవడం కాదు, దాని రాతే అంత.

మొదట చూడాల్సింది అసలు రికార్డింగ్ నడుస్తోందా అని. ఉబుంటు, డెబియన్‌లలో సిస్‌స్టాట్ ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన లెక్క మొదలు కాదు. ఈటీసీ ఫోల్డర్ కింద డిఫాల్ట్‌లో ఉండే సిస్‌స్టాట్ ఫైలులో 'ఎనేబుల్డ్' అన్న చోట ఫాల్స్ ఉంటుంది. దాన్ని ట్రూ చేసి సర్వీస్‌ని రీస్టార్ట్ చెయ్యాలి. ఇది తెలియక ఏళ్ల తరబడి ప్యాకేజీ ఉండి కూడా ఒక్క అంకె రాయని సర్వర్లు ఎన్నో. రెండోది, ఎన్నాళ్లు దాచుతోందన్నది. 'హిస్టరీ' అన్న సెట్టింగ్ డెబియన్ కుటుంబంలో 7 రోజులు, రెడ్ హ్యాట్ కుటుంబంలో 28 రోజులు. పదో తారీఖున జరిగిన గొడవ మీద ఫిర్యాదు ఇరవయ్యో తారీఖున పై ఆఫీసుకి చేరితే, అప్పటికే ఉబుంటు మెషీన్‌లో ఆ ఫైలు చెరిగిపోయి ఉంటుంది.

ఇక చదవడం. సార్ కమాండ్‌కి హైఫన్ ఎఫ్ పెట్టి ఫైలు పేరు ఇవ్వాలి. ముందు పైన వచ్చే మొదటి వరసని జాగ్రత్తగా చదవండి. కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) వెర్షన్, మెషీన్ పేరు, తారీఖు, ఎన్ని సీపీయూలు అన్నవి అందులో ఉంటాయి. పేరులో రోజు అంకె మాత్రమే ఉన్న పద్ధతిలో ప్రతి నెలా అదే పేరు తిరిగి వస్తుంది. ఈ నెల 12 ఇంకా రాకముందే 12 అంకె ఉన్న ఫైలు తెరిచారంటే మీరు చూస్తున్నది కిందటి నెల సంగతి. పై వరస చూడకుండా కిందటి నెల లెక్కతో ఈ నెల సమస్యకి రిపోర్ట్ రాస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

రోజంతా చూడక్కర్లేదు. హైఫన్ చిన్న ఎస్ తర్వాత మొదలు, హైఫన్ చిన్న ఇ తర్వాత చివరి సమయం ఇస్తే ఆ మధ్య మాత్రమే చూపిస్తుంది. గంటలు 24 లెక్కన ఇవ్వాలి. సమయం ఇవ్వకుండా ఒట్టి హైఫన్ ఎస్ పెడితే ఉదయం 8 నుంచి అని, ఒట్టి హైఫన్ ఇ పెడితే సాయంత్రం 6 దాకా అని తనే అనుకుంటుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 8 కోర్ల (సీపీయూలో విడివిడిగా పనిచేసే భాగాల) సర్వర్. ఉదయం 11 గంటలకి జనం గగ్గోలు పెట్టారు. హైఫన్ చిన్న క్యూ పెట్టి చూస్తే 11:00 వరసలో ఒక నిమిషపు లోడ్ యావరేజ్ (పనిలో ఉన్నవీ వేచి ఉన్నవీ కలిపి సగటున ఎన్ని పనులు) 2. మరుసటి వరస, 11:10 దగ్గర అది 47. ఇక్కడే చాలామంది ఆగిపోయి 'లోడ్ ఎక్కువ, కోర్లు చాలడం లేదు, కొత్త సర్వర్ కొనాలి' అంటారు. అదే వరసలో మొదటి గడి చూడండి: పరిగెత్తడానికి వరసలో ఉన్న పనులు 2. చివరి గడి, అంటే 'బ్లాక్‌డ్', చూడండి: 43. అంటే 43 పనులు సీపీయూ కోసం కాదు, డిస్క్ కోసం పడిగాపులు పడుతున్నాయి. లైనక్స్‌లో లోడ్ అంకెలోకి డిస్క్ దగ్గర ఇరుక్కున్న పనులు కూడా కలిసిపోతాయి. ఈ ఒక్క ముక్క తెలియకపోవడం వల్ల అక్కర్లేని కోర్లకి ఎంత డబ్బు పోతోందో! ఇప్పుడు హైఫన్ చిన్న యు పెడితే యూజర్ 6 శాతం, సిస్టమ్ 4 శాతం, ఐవో వెయిట్ (డిస్క్ కోసం ఆగినది) 61, ఐడిల్ (ఖాళీ) 29 అని వచ్చిందనుకోండి. సీపీయూ చేతులు కట్టుకుని కూర్చుంది. హైఫన్ చిన్న డి పెట్టి డిస్క్‌ని చూస్తే 'అవెయిట్' (ఒక్కో పని డిస్క్ దగ్గర ఆగే సమయం) అన్న గడిలో నిన్నటిదాకా 4 మిల్లీసెకన్లున్నది 380 అయింది. దొంగ దొరికాడు. పక్కనే ఉండే 'యుటిల్' (డిస్క్ పనిలో ఉన్న సమయం) శాతాన్ని మాత్రం మరీ నమ్మొద్దు. ఒకేసారి అనేక పనులు అందుకునే ఎస్ఎస్‌డీలూ, చాలా డిస్క్‌లని కలిపి ఒకటిగా వాడే రెయిడ్‌లూ 100 శాతం చూపిస్తూ కూడా హాయిగా పనిచేస్తాయి. అవెయిట్ గడే నిజం మాట్లాడుతుంది.

డిస్క్ ఎందుకు మందగించిందన్నది తర్వాతి ప్రశ్న. రాత్రి అవ్వాల్సిన బ్యాకప్ పగటిదాకా సాగిందా? రెయిడ్‌లో ఒక డిస్క్ మార్చాక పునర్నిర్మాణం నడుస్తోందా? డెబియన్ కుటుంబపు సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో నెలలో మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక ఒక తనిఖీ దానంతటదే మొదలవడం మామూలు. పెద్ద డిస్క్‌లైతే అది పరీక్ష ఉన్న ఆదివారం ఉదయం దాకా సాగొచ్చు. నెల నెలా అదే ఆదివారం ఇబ్బంది వస్తోందంటే ముందు చూడాల్సింది అదే.

మెమరీ విషయంలో ఇంకో పొరపాటు జరుగుతోంది. హైఫన్ చిన్న ఆర్ పెట్టగానే 'ఫ్రీ' గడిలో తక్కువ అంకె చూసి కంగారుపడతారు. లైనక్స్ ఖాళీ మెమరీని ఊరికే ఉంచదు, ఫైళ్ల క్యాష్‌కి (మళ్లీ కావాల్సిన ఫైళ్లని దగ్గర ఉంచుకోవడానికి) వాడుకుంటుంది. చూడాల్సింది 'అవెయిల్' గడి, అంటే అవసరమైతే దొరికే మెమరీ. అది కూడా పడిపోయి, హైఫన్ పెద్ద డబ్ల్యూ పెట్టినప్పుడు స్వాప్‌లోకీ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ భాగం) బయటికీ పోయే పేజీల అంకెలు రెండూ వరసగా పెరుగుతుంటే అప్పుడది నిజంగా మెమరీ కరువు. వర్చువల్ మెషీన్ (ఒక పెద్ద సర్వర్‌లో పంచి ఇచ్చే వాటా) అద్దెకి తీసుకున్నవాళ్లు 'స్టీల్' గడి చూడటం మరవొద్దు. అక్కడ 30, 40 శాతం కనిపిస్తే మీకిస్తామన్న సీపీయూ పక్కింటివాడికి వెళ్తోందని అర్థం. మీ ప్రోగ్రామ్ ఎంత బాగుచేసుకున్నా లాభం లేదు. అద్దెకిచ్చినవాణ్ణి ఆ ఫైలుతోనే నిలదీయాలి.

నెట్‌వర్క్‌కి హైఫన్ చిన్న ఎన్, తర్వాత పెద్ద అక్షరాల్లో డెవ్. రద్దీ వేళల్లో కార్డు మోసే లెక్క సెకనుకి 12 వేల కిలోబైట్ల దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంటే, గిగాబిట్ (సెకనుకి 1000 మెగాబిట్‌ల) లింక్ 100 మెగాబిట్‌కి పడిపోయిందని అనుమానించండి. 100 మెగాబిట్ అంటే సెకనుకి సుమారు 12,200 కిలోబైట్లే. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ బాగుండాలి. 100కి రెండు జతలు చాలు. కాబట్టి మిగతా రెండు జతల్లో ఒక్క తీగ చివర తుప్పు పడితే లింక్ తెగిపోదు, చప్పుడు చెయ్యకుండా పదో వంతుకి దిగిపోతుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లో, అందులోనూ బీచ్ రోడ్డు వైపు కిటికీలు తీసి ఉంచే ఆఫీసుల్లో, ఇది సాఫ్ట్‌వేర్ జబ్బు కంటే ముందు అనుమానించాల్సిన జబ్బు. కొత్త కొన తొడిగితే పోయేదానికి కొత్త స్విచ్ కొనడం ఎందుకు?

ఈ లెక్కలకి పరిమితులున్నాయి. సార్‌లోని సీపీయూ, డిస్క్, నెట్‌వర్క్ అంకెలు సగటులు. 11:10 వరస అంటే 11:00 నుంచి 11:10 దాకా జరిగినదాని సగటు. ఒక నిమిషం పాటు సీపీయూ 100 శాతం కాలిపోయి, మిగతా తొమ్మిది నిమిషాలు 10 శాతంలో ఉంటే ఆ గడిలో కనిపించేది 19 శాతం. 'అంతా బాగానే ఉంది' అని రిపోర్ట్ వస్తుంది, ఆ ఒక్క నిమిషంలో లాగిన్ కాలేకపోయిన వాళ్ల గోడు ఎక్కడా కనపడదు. లోడ్, బ్లాక్‌డ్ అంకెలు అందుకు భిన్నం. అవి ఆ క్షణాన తీసిన ఫొటోలు. మధ్యలో జరిగింది వాటికీ తెలియదు. అందుకే జనంతో పనిపడే సర్వర్లలో 10 నిమిషాలని 1 నిమిషానికి తగ్గించాలి. కొత్త లైనక్స్‌లలో ఇది సిస్టమ్‌డీ (సర్వీసుల్ని నడిపే ప్రోగ్రామ్) టైమర్ చేతిలో ఉంటుంది. 'సిస్టమ్ సీటీఎల్ ఎడిట్' కమాండ్‌తో మార్చేటప్పుడు 'ఆన్ క్యాలెండర్' వరసని ముందు ఖాళీగా ఒకసారి రాసి, కింద కొత్త విలువతో మళ్లీ రాయాలి. ఖాళీ వరస లేకపోతే పాతదీ కొత్తదీ రెండూ నడుస్తాయి. ఫైలు సుమారు పదింతలవుతుంది, అయినా మామూలు సర్వర్‌లో రోజుకి ఎంబీల్లోనే ఉంటుంది. ఇవాళ్టి డిస్క్‌ల ముందు అదొక లెక్కా?

గ్రాఫులు కావాలంటే సిస్‌స్టాట్‌లోనే ఉన్న 'ఎస్ఏడీఎఫ్' కమాండ్ చాలు. హైఫన్ డి పెడితే సెమీకోలన్‌లతో విడదీసిన పట్టిక వస్తుంది. దాన్ని లిబ్రే ఆఫీస్ క్యాల్క్‌లో తెరిచేటప్పుడు విడదీసే గుర్తుగా సెమీకోలన్ ఎంచుకోవాలి. కామా ఉంచేస్తే అంతా ఒకే గడిలో కుక్కినట్టు వస్తుంది. హైఫన్ చిన్న జీ పెడితే నేరుగా ఎస్‌వీజీ బొమ్మే వస్తుంది, ఫైర్‌ఫాక్స్‌లో తెరుచుకుంటుంది. ఏ లెక్క కావాలో చెప్పే క్యూ, యు, డి లాంటివి మాత్రం రెండు హైఫన్‌లు విడిగా పెట్టి వాటి తర్వాత రాయాలి, లేకపోతే ఎస్ఏడీఎఫ్ వాటిని తన సొంత ఆదేశాలనుకుంటుంది. 'పట్టిక ఇవ్వమంటే ఇంకేదో ఇస్తోంది' అనే ఫిర్యాదుల వెనక ఎక్కువగా ఉండేది ఇదే.

ఇంతకన్నా పెద్ద ఉచ్చు గడియారం. సార్ మన సమయం చూపిస్తుంది. ఎస్ఏడీఎఫ్ పట్టిక మాత్రం మామూలుగా యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఇస్తుంది. ఉదయం 11:10కి జరిగింది పట్టికలో 05:40 దగ్గర ఉంటుంది. అయిదున్నర గంటల ఈ తేడా గమనించక, తెల్లవారుజామున ఎవరూ లేనప్పుడు సర్వర్ కూలిందని రిపోర్ట్ రాస్తే పాపం నైట్ వాచ్‌మన్ మీదికి వస్తుంది. హైఫన్ పెద్ద టీ పెడితే మన సమయంలోనే వస్తుంది.

ఇంకో తంటా వెర్షన్. సిస్‌స్టాట్ ఫైలు పద్ధతి వెర్షన్‌ని బట్టి మారింది. పాత సర్వర్ ఫైలుని కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిస్తే 'ఇన్‌వ్యాలిడ్ సిస్టమ్ యాక్టివిటీ ఫైల్' అంటుంది. ఫైలు చెడలేదు, భాష మారింది. ఎస్ఏడీఎఫ్‌కి హైఫన్ చిన్న సి పెట్టి కొత్త పద్ధతిలోకి మార్చుకోవచ్చు. మరీ పాతవైతే ఆ సర్వర్ మీదే సార్‌తో అక్షరాల్లోకి తీసుకురావాలి. అందుకే సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ మార్చే రోజున పాత ఫైళ్లని టెక్స్ట్‌లోకి దించి ఒక నకలు దాచాలి. అప్‌గ్రేడ్ అయ్యాక ఏడ్చి లాభం లేదు.

సార్‌కి తెలియనిది ఒకటుంది: ఎవరు? డిస్క్ నలిగిపోయిందని చెబుతుంది గానీ నలిపిందెవరో చెప్పదు. దానికి 'ఏటాప్'. ఖెర్లోఫ్ లాంగెవెల్ట్ రాసిన ఈ ఓపెన్ సోర్స్ పరికరం ప్రతి ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) లెక్కా రాసుకుంటుంది. లాగ్ కింద ఏటాప్ ఫోల్డర్‌లో రోజుకో ఫైలు, పేరులో సంవత్సరం, నెల, తారీఖు మూడూ ఉంటాయి కాబట్టి కిందటి నెల గందరగోళం ఉండదు. హైఫన్ చిన్న ఆర్ పెట్టి ఫైలు తెరిస్తే 'టాప్' కమాండ్ స్క్రీన్ లాంటిదే వస్తుంది, కానీ అది ఆనాటి స్క్రీన్. చిన్న టీ నొక్కితే ముందుకి, పెద్ద టీ నొక్కితే వెనక్కి, బీ నొక్కి సమయం ఇస్తే నేరుగా అక్కడికి. డీ నొక్కితే డిస్క్ వాడుక ప్రకారం, ఎం నొక్కితే మెమరీ ప్రకారం ప్రాసెస్‌లు వరసకడతాయి. పైన చెప్పిన ఉదాహరణలో 11:10 దగ్గర డీ నొక్కితే బ్యాకప్ ప్రోగ్రామ్ పేరు పైన కూర్చుని ఉండేది. పంచాయితీ అక్కడితో సరి. దీనిక్కూడా వెర్షన్ తంటా ఉంది. 'ఏటాప్‌కన్వర్ట్' దాన్ని తీరుస్తుంది.

ఒక హెచ్చరిక. సార్ ఫైలులో దాదాపు అన్నీ అంకెలే, ఎవరికిచ్చినా పెద్ద ప్రమాదం లేదు. ఏటాప్ మాత్రం ప్రతి ప్రాసెస్ కమాండ్ లైన్ మొత్తం రాస్తుంది. డేటాబేస్ పాస్‌వర్డ్‌ని కమాండ్ లైన్‌లోనే ఇచ్చే స్క్రిప్ట్‌లు ఉంటే ఆ పాస్‌వర్డ్ కూడా ఫైలులో కూర్చుంటుంది. బయటికిచ్చే ముందు సీ నొక్కి కమాండ్ లైన్లు చూసుకోండి. అసలా స్క్రిప్ట్ రాసినవాణ్ణి పిలిచి మాట్లాడటం ఇంకా మంచిది.

సర్వర్లు పదులకొద్దీ ఉన్న చోట పర్ఫార్మెన్స్ కో-పైలట్ అనే పరికరం బాగుంటుంది. ఒకప్పుడు సిలికాన్ గ్రాఫిక్స్ సొత్తు, తర్వాత ఓపెన్ సోర్స్ అయింది. దీని ఆర్కైవ్ (దాచిన లెక్కల కట్ట) ఒక ఫైలు కాదు. మెటా, ఇండెక్స్, అంకె పేరున్న డేటా ఫైలు కలిపితేనే ఒక ఆర్కైవ్. ఒక్క డేటా ఫైలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకొచ్చి తెరవమంటే తెరుచుకోదు. నైజెల్ గ్రిఫిత్స్ రాసిన 'ఎన్‌మాన్' ఫైలు మాత్రం కామాలతో విడదీసిన ఒట్టి టెక్స్ట్, ఎందులోనైనా తెరుచుకుంటుంది. 30 సెకన్లకోసారి 2,880 సార్లు రాయమంటే సరిగ్గా ఒక రోజు. పరీక్ష రోజు లాంటి ప్రత్యేక సందర్భానికి ముందురోజు పెట్టుకోవడానికి ఇదే సులువు. క్యాక్టై, మునిన్ అనే గ్రాఫ్ పరికరాలు వాడేవాళ్ల ఆర్ఆర్‌డీ ఫైళ్లు వేరే రకం. అవి ఎప్పటికీ పెరగవు, ఎందుకంటే పాత లెక్కల్ని సగటులుగా కుదించేస్తాయి. 5 నిమిషాల గడులు 600 పెడితే వివరం 50 గంటల వరకే, ఆ తర్వాత మిగిలేది ముద్ద. అందుకే సగటుతో పాటు గరిష్ఠం కూడా దాచేలా మొదట్లోనే ఫైలు తయారుచేసుకోవాలి. పాత 32 బిట్ మెషీన్ ఆర్ఆర్‌డీ ఫైలు 64 బిట్‌లో తెరుచుకోదు. పాతదాని మీద డంప్ చేసి, వచ్చిన ఎక్స్ఎమ్ఎల్‌ని కొత్తదాని మీద రీస్టోర్ చెయ్యాలి.

కౌంటర్లలో ఉండేవి ఎక్కువగా విండోస్ మెషీన్లు. అక్కడ వినిపించే రెండో మాట 'కరెంటు పోయింది'. ఇదీ రాసే ఉంటుంది. సిస్టమ్ ఈవెంట్ లాగ్‌లో ప్రతి సంఘటనకీ ఒక నంబర్ ఉంటుంది. 6008 అంటే కిందటిసారి మెషీన్ పద్ధతి ప్రకారం ఆగలేదని. 41 అంటే సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మళ్లీ లేచిందని. 1074 అంటే ఒక మనిషో ప్రోగ్రామో కావాలని ఆపారని, ఏ యూజర్ పేరుతో ఆపారో కూడా ఉంటుంది. కరెంటు పోయిందని చెప్పిన సమయానికి 1074 కనిపిస్తే సంగతి వేరే. 41 లోపల 'బగ్‌చెక్ కోడ్' సున్నా కాకపోతే అది కరెంటు తప్పు కాదు, బ్లూ స్క్రీన్, అంటే విండోసే కుప్పకూలింది. సున్నా అయితే కరెంటు పోయి ఉండాలి, లేదా బిగుసుకుపోతే ఎవరో పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఉండాలి. ఈ లాగ్ మామూలు పరిమాణం 20 ఎంబీ, నిండాక పాతవి చెరుపుకుంటూ పోతుంది. ఫైలుని వేరే మెషీన్‌కి తెస్తే ఈవెంట్ వ్యూయర్ కొన్నిచోట్ల 'వివరణ దొరకలేదు' అంటుంది, ఎందుకంటే ఆ వాక్యాలు పాత మెషీన్‌లోని ప్రోగ్రాముల్లో ఉంటాయి. అంకెలు, పేర్లు మాత్రం ఫైలులోనే ఉంటాయి. లిబ్‌ఈవీటీఎక్స్, పైథాన్-ఈవీటీఎక్స్ అనే ఓపెన్ సోర్స్ పరికరాలు లైనక్స్ మీద కూడా వాటిని బయటికి తీస్తాయి. విండోస్ సొంత లెక్కల ప్రోగ్రామ్ పెర్ఫ్‌మాన్ రాసే బీఎల్‌జీ ఫైళ్లని విండోస్‌లోనే ఉన్న 'రీలాగ్' సీఎస్‌వీగా మారుస్తుంది. అది ఓపెన్ సోర్స్ కాదు గానీ ఉచితమే. ఆ ఫైళ్లు చదివి రిపోర్ట్ తయారుచేసే 'పాల్' మాత్రం ఓపెన్ సోర్సే.

ఫైలు చదవడం నేర్చుకున్నాక మిగిలేది దాన్ని కాపాడటం. కిందా మీదా పడి రీస్టార్ట్ చేసే ముందు ఒక్క రెండు నిమిషాలు ఆగండి. సార్ ఫైళ్లు రీస్టార్ట్‌తో పోవు, 'లైనక్స్ రీస్టార్ట్' అని ఒక వరస కూడా వాటిలో చేరుతుంది. కానీ సిస్టమ్‌డీ జర్నల్ (సర్వర్ సందేశాల రాత) కొన్ని సర్వర్లలో మెమరీలోనే ఉంటుంది. వార్ కింద లాగ్‌లో 'జర్నల్' ఫోల్డర్ లేకపోతే రీస్టార్ట్‌తో ఆ రాతంతా మాయం. వేరే లాగ్ ఫైలులోకి కూడా చేరి ఉండకపోతే, మెమరీ చాలక ఏ ప్రోగ్రామ్‌ని కెర్నల్ చంపిందో చెప్పే వరస కూడా దానితోపాటే పోతుంది. నకలు తీశాక ఎస్‌హెచ్ఏ 256 హాష్ (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి అంకె) తీసి తారీఖు, సమయంతో రాసి పెట్టుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి ఇచ్చే ధ్రువపత్రంలో హాష్ విలువ రాయాల్సి ఉంటుంది. గొడవ కోర్టు దాకా వెళ్తుందని కాదు. వెళ్తే ఆరోజు తీసిన హాష్ పనికొస్తుంది గానీ ఆరు నెలల తర్వాత తీసింది కాదు. నకలు అదే గదిలో, అదే డిస్క్‌లో పెట్టడం వల్ల ఉపయోగం లేదని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరికి మళ్లీ చెప్పాలా?

దాచే గడువు సంగతి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో కంపెనీలు, డేటా సెంటర్లు, ప్రభుత్వ సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లని 180 రోజులు భారతదేశంలోనే భద్రపరచాలనీ, గడియారాల్ని ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్) లేదా నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ సమయంతో సరిచూసుకోవాలనీ ఉంది. సార్ లెక్కలు ఆ 'లాగ్' అన్న మాటలోకి వస్తాయా రావా అని వాదించుకోవచ్చు. 7 రోజుల హిస్టరీని 180 చెయ్యడానికి మాత్రం ఒక్క అంకె మార్చితే చాలు. 28 దాటిస్తే సిస్‌స్టాట్ నెలల వారీ ఫోల్డర్లు పెట్టి సర్దుకుంటుంది, పేర్లు ఒకదాన్నొకటి తొక్కుకోవు. గడియారం మాట ఇంకా ముఖ్యం. వెబ్ సర్వర్ గడియారం నాలుగు నిమిషాలు ముందుకీ, డేటాబేస్ సర్వర్‌ది మూడు నిమిషాలు వెనక్కీ ఉంటే ఏది కారణమో ఏది ఫలితమో తేల్చడం ఎవరి తరమూ కాదు.

ఈ ఉత్తరం ద్వారా జిల్లా యంత్రాంగాన్నీ, కాలేజీల్నీ, పరీక్ష కేంద్రాలు నడిపేవాళ్లనీ కోరేది పెద్దదేమీ కాదు. వచ్చే మెయింటెనెన్స్ కాంట్రాక్టులో నాలుగు వరసలు చేర్చండి: నిమిషానికోసారి లెక్క రాయాలి. 180 రోజులు దాచాలి. సర్వర్ అయిదు నిమిషాలకి మించి ఆగితే ఆ రోజు అసలు ఫైళ్లు, ఏ వెర్షన్‌తో రాసినవో ఆ వివరం, హాష్‌తో సహా మూడు పనిదినాల్లో ఆఫీసుకి అప్పగించాలి. పీడీఎఫ్ గ్రాఫులూ స్క్రీన్‌షాట్‌లూ ఫైలుకి బదులు చెల్లవు. కంపెనీ తన సొంత మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ పెడతానంటే పెట్టుకోనివ్వండి, కానీ దాని రికార్డులు ఆ కంపెనీ లైసెన్స్ లేకుండా తెరుచుకోకపోతే, కాంట్రాక్టు ముగిసిన మర్నాడు మీ సర్వర్ చరిత్ర మీకే అందదు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కి ప్రాధాన్యం ఇవ్వాలన్న కేంద్ర విధానం 2015 నుంచీ ఉండనే ఉంది.

కిటికీ ఇవతల నిలబడేవాళ్లకి కూడా ఒక మాట. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్)లో 'సమాచారం' అంటే లాగ్‌బుక్‌లూ, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న డేటా కూడా అని ఉంది. దరఖాస్తులో 'సర్వర్ ఎందుకు పనిచేయలేదు' అని రాస్తే 'సాంకేతిక కారణాలు' అని జవాబొస్తుంది. ఫలానా తారీఖు, ఉదయం 10:30 నుంచి మధ్యాహ్నం 12:30 వరకు, ఆ సర్వర్ సార్ లెక్కలు సీపీయూ, లోడ్, డిస్క్, మెమరీ నాలుగూ టెక్స్ట్ రూపంలో కావాలి అని రాయండి. ఏడు రోజుల గడువున్న మెషీన్లు ఇంకా ఉన్నాయి కాబట్టి దరఖాస్తు ఆ వారంలోనే పెట్టండి, ఆ ఫైలు చెరపకుండా ఉంచమని అందులోనే రాయండి.

ఇట్లు
కొందరు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లు,
మధురవాడ, విశాఖపట్నం